ఊళ్లో ఇల్లు కడుతున్నారా? ముందు పాత ఇంటిని అడగండి

(మన దేవాలయ హాల్లో ఆదివారం హారతి తర్వాత చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయిన సభ్య కుటుంబాల కోసం ఇక్కడ ఇస్తున్నాం.)

ప్రసాదం సిద్ధంగా ఉందని వంటశాల నుంచి కబురొచ్చింది కాబట్టి నేను ఎక్కువ సేపు తీసుకోను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను సివిల్ ఇంజనీర్‌ని కాను, ఆర్కిటెక్టునీ కాను. ఇక్కడున్న చాలామందిలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గుడి వెబ్‌సైటు, పూజల బుకింగ్ ఫారాలు చూసుకునే వాలంటీర్లలో ఒకణ్ని. ఆ ఫారంలో "ముహూర్తం దేనికి?" అని ఒక గడి ఉంటుంది. అందులో తరచుగా కనిపించే జవాబు "ఊళ్లో ఇంటికి శంకుస్థాపన". పాత ఇల్లు తీసేసి అమ్మానాన్నల కోసం కొత్త ఇల్లు కట్టిస్తున్నాం అన్నమాట. చాలా మంచి పని. అయితే ఆ ఇల్లు ఎలా ఉండాలన్నది ఎక్కువగా ఇక్కడ కూర్చుని, ఫోన్లో, ఫోటోలు చూసి తేల్చేస్తున్నాం. అందులో ఉండబోయేది మనం కాదు, డెబ్బై దాటిన మన పెద్దవాళ్లు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన పాత ఇళ్ల గొప్పతనం మట్టిలోనో తాటాకులోనో లేదు. ఎండ, వాన, గాలి ఈ మూడింటికీ ఆ ఊళ్లో దొరికే వస్తువుతోనే సమాధానం చెప్పడంలో ఉంది. సిమెంటుతో కట్టినా తప్పు లేదు. ఆ మూడు ప్రశ్నలు అడగకుండా కట్టడమే తప్పు.

నెత్తి మీద సూర్యుడు

పిల్లలూ, మీకో ప్రశ్న. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడితే మీ నీడ పూర్తిగా మాయమవుతుందా? అమెరికాలో హవాయి తప్ప ఎక్కడా కాదు. ఇక్కడ సూర్యుడు ఎప్పుడూ దక్షిణానికి కాస్త ఒరిగే ఉంటాడు. కర్కట రేఖకూ మకర రేఖకూ మధ్య ఉన్న ఉష్ణమండలంలో మాత్రం ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాదులో అది మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి. ఆ మధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు.

దీనికీ ఇంటికీ సంబంధం ఏమిటి? మే నెలలో, అంటే ఎండలు మండే నెలలోనే, మన ఊళ్లలో సూర్యుడు నెత్తి మీద ఉంటాడు. అప్పుడు ఎక్కువ ఎండ పడేది గోడల మీద కాదు, పైకప్పు మీద. కాబట్టి ఉష్ణమండలంలో ఇల్లు అంటే ముందు పైకప్పు, ఆ తర్వాతే గోడలు. మన పూర్వులకు ఇది ఎవరూ లెక్కలు కట్టి చెప్పలేదు. పైకప్పు విషయంలో మాత్రం వాళ్లు ఎక్కడా రాజీపడలేదు.

ఇక్కడ మనం ఉండే ఇళ్లు చాలావరకు కర్రవే. ఈ దేశంలో కలప దొరుకుతుంది, చలి ఎక్కువ, అందుకని కర్ర చట్రం, మధ్యలో దూది లాంటి ఇన్సులేషన్. ఇదీ ఈ నేలకు తగిన ఇల్లే. ఇదే ఇంటిని తీసుకెళ్లి కోనసీమలో పెడితే రెండు మూడు వర్షాకాలాల్లో చెదలు తేల్చేస్తాయి. అలాగే ఇక్కడి ఇంటి ఫోటో పంపి "అచ్చం ఇలాగే, ముందువైపంతా అద్దాలు పెట్టి కట్టండి" అంటే, పడమటి ఎండకు ఆ హాలు సాయంత్రానికి పొయ్యి అవుతుంది.

మన దగ్గరే రెండు రకాల వేడి

మన తెలుగు నేల అంతా ఒకే రకం వేడి కాదు. కోస్తాలో ఉక్కపోత. గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. రాత్రికీ పగటికీ వేడిలో పెద్ద తేడా ఉండదు. అక్కడ కావలసినవి నీడ, గాలి. రాయలసీమలో, తెలంగాణలో పొడి వేడి. పగలు మాడిపోతుంది, తెల్లవారుజామున కాస్త చల్లబడుతుంది. అక్కడ పగటి వేడిని లోపలికి రానివ్వకుండా ఆపే మందపాటి గోడ, మందపాటి కప్పు కావాలి. అందుకే ఒకే భాష మాట్లాడే మనం రెండు పూర్తిగా వేరు రకాల ఇళ్లు కట్టుకున్నాం.

ముందు కోస్తా సంగతి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరం వాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీలో కొందరు చుట్టిళ్లు చూసే ఉంటారు. గుండ్రటి మట్టిగోడ, పైన గొడుగులాంటి తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి దిగుతుందంటే వంగితే గానీ లోపలికి వెళ్లలేం. చూడడానికి ముచ్చటగా ఉంటుంది కానీ ముచ్చట కోసం కట్టింది కాదు. ఆ ఆకారంలో లెక్క ఉంది.

తుపాను గాలి చదునైన గోడను నేరుగా గుద్దుతుంది, మూలల దగ్గర లాగి చీలుస్తుంది. గుండ్రటి గోడకు మూలలు లేవు, గాలి పక్కల నుంచి జారిపోతుంది. వాలు తక్కువగా ఉన్న కప్పును గాలి విమానం రెక్కలా పైకి లేపుతుంది. అదే నిటారు వాలున్న కప్పు మీద ఆ లాగుడు తక్కువ. మట్టిగోడ మామూలుగా మూలల దగ్గరే పగుళ్లిస్తుంది, గుండ్రటి ఇంటికి ఆ బాధ కూడా లేదు. ఇంకో లాభం ఉంది. ఇది పిల్లలు ఇంటికెళ్లి లెక్క వేసి చూసుకోవచ్చు. 25 అడుగుల భుజం ఉన్న చదరపు ఇంటికి చుట్టూ 100 అడుగుల గోడ కావాలి. అంతే నేల ఉన్న గుండ్రటి ఇంటికి సుమారు 89 అడుగులు చాలు. అంటే అంత మట్టి తక్కువ, అంత కూలీ తక్కువ.

ఇక వస్తువులు. గోడకు చెరువు మట్టి, గడ్డి కలిపి తొక్కిన ముద్ద. వాసాలకు తాటిచెట్టు మొద్దు. కప్పుకు తాటాకు. కట్టడానికి నార. ఒక్క తాటిచెట్టే వాసం ఇస్తుంది, ఆకు ఇస్తుంది, తాడు ఇస్తుంది. తాటాకు పొరల మధ్య చిక్కుకున్న గాలే ఇన్సులేషన్. ఇక్కడ మనం డబ్బు పోసి గోడల్లో నింపించుకునేది కూడా అలా చిక్కుకున్న గాలినే.

ఇప్పుడు రాయలసీమకు వెళదాం. కర్నూలు, అనంతపురం వైపు తాటాకు కంటే రాయి సులభంగా దొరుకుతుంది. అక్కడిది మట్టి మిద్దె. రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలో నాపరాళ్లో, ఆ పైన ఆకులలములు పరిచి మందంగా మట్టి. అన్నిటికంటే పైన చౌడు. పైకప్పులో గవాచి అనే చిన్న రంధ్రం. వెలుతురు రావడానికీ పొగ పోవడానికీ అదే దారి.

చౌడు సంగతి నాకు చాలా నచ్చింది. చౌడు నేల అంటే పంట పండని నేల. రైతు దాన్ని చూసి తల పట్టుకుంటాడు. ఆ మట్టిలో ఉండే సోడియం వల్ల, తడిసినప్పుడు రేణువులు విడిపోయి సన్నటి సందులన్నీ పూడ్చేస్తాయి. నీళ్లు కిందికి ఇంకవు. పైరుకు శాపమైన ఆ గుణమే కప్పుకు వరం. పొలంలో పనికిరాని మట్టిని తెచ్చి నెత్తిమీద గొడుగు చేసుకున్నారు. ఏటా వానలకు ముందు ఇంకో పొర చౌడు వేసి, పగుళ్లు పూడ్చుకుంటే ఆ ఏడాదికి నిశ్చింత.

ఆ మందం చేసే పని కూడా చెప్పాలి. మండుటెండ గోడ బయటి ముఖాన్ని తాకిన తర్వాత ఆ వేడి లోపలి ముఖానికి చేరడానికి సమయం పడుతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు శ్లాబు గుండా మూడు నాలుగు గంటల్లో దిగిపోతుంది. అడుగున్నర మట్టిగోడ గుండా పది గంటలకు పైగా పడుతుంది. అంటే మధ్యాహ్నపు వేడి లోపలికి చేరేసరికి అర్ధరాత్రి. అప్పటికి బయట చల్లబడుతుంది, తలుపులు తెరుచుకోవచ్చు, లేదా ఆరుబయట మంచం వేసుకోవచ్చు. ఇంటి గోడకూ మనిషి నిద్రకూ మధ్య ఒక ఒప్పందం లాంటిది అది.

గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు, తెలంగాణలో గూన పెంకుల ఇళ్లు కూడా ఇదే ఆలోచనతో కట్టినవే. మధ్యలో ఆకాశం కనిపించే మండువా నుంచి వేడి గాలి పైకి పోతుంది. చుట్టూ వసారా ఉండడం వల్ల గది గోడ మీద ఎండ నేరుగా పడదు. పెంకుల సందుల్లోంచి కప్పు ఊపిరి పీలుస్తుంది. వీధి అరుగు కూర్చోవడానికి మాత్రమే కాదు, గోడకూ నేలకూ మధ్య వాన చిమ్మకుండా కాపాడే మెట్టు.

ఉష్ణమండలంలో ఇతర చోట్ల కూడా ఇంతే. మలేసియాలో మలయ్ పల్లె ఇల్లు కాళ్ల మీద నిలబడి ఉంటుంది. కింద నుంచి గాలి, వరద వస్తే నీళ్లకు దారి. కప్పుకు నిపా అనే నీటి తాటి ఆకు. కిటికీలు దాదాపు నేల దాకా ఉంటాయి, ఎందుకంటే వాళ్లు కూర్చునేది నేల మీద, గాలి తగలవలసిందీ అక్కడే. కాస్త ఉత్తరాన గుజరాత్ కచ్‌లో భుంగాలని గుండ్రటి మట్టి ఇళ్లుంటాయి. 2001 జనవరి 26 భూకంపంలో కొత్తగా కట్టిన భవనాలు ఎన్నో కూలిపోగా, సరిగ్గా కట్టిన భుంగాలు చాలావరకు నిలబడ్డాయి. మన చుట్టిల్లు కట్టినవాళ్లూ కచ్ వాళ్లూ ఒకరినొకరు చూసి నేర్చుకోనక్కర్లేదు. గుండ్రటి గోడకు మూల ఉండదన్నది ఎక్కడైనా నిజమే.

పాతదంతా బంగారం కాదు

ఇంతవరకు విని "అయితే పూరిగుడిసెలే మేలంటావా?" అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. తాటాకింట్లో పుట్టి పెరిగిన పెద్దలు ఈ హాల్లోనే ఉన్నారు. వాళ్ల ముందు దాన్ని అందంగా వర్ణించి ఊరుకోవడం అన్యాయం.

తాటాకు అంటుకుంటుంది. ఒక ఇంటి నిప్పు వేసవి గాలికి వీధంతా తినేసిన సందర్భాలు ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి. కొన్నేళ్లకోసారి కప్పు మార్చాలి. ఎలుకలు, తేళ్లు, పాములు. గోడలు అలకడం, పేడనీళ్లు చల్లడం, ముగ్గు పెట్టడం, ఈ పనంతా ఏళ్ల తరబడి చేసింది మన అమ్మమ్మలు, నానమ్మలు. "మట్టిల్లు ఎంత చల్లనో" అనేటప్పుడు దాన్ని చల్లగా ఉంచిన చేతుల్ని మరచిపోకూడదు. పైగా చాలామందికి తాటాకిల్లు పేదరికానికి గుర్తు. శ్లాబు వేయించుకున్న రోజు ఆ కుటుంబానికి పండగ. ఆ గౌరవాన్ని ఎవరూ చిన్నచూపు చూడకూడదు.

అన్నిటికంటే పెద్ద పాఠం దివిసీమది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లోపలికి వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. గాలిని తప్పించుకోవడానికి పుట్టిన ఇల్లు నీటి ముందు నిలవలేదు. మట్టిగోడ నీళ్లలో నానితే కరిగిపోతుంది, అంతే. ఆ తర్వాతే తీరం వెంట కాంక్రీటు తుపాను షెల్టర్లు వెలిశాయి. వాటి వల్ల ఎన్నో ప్రాణాలు దక్కాయి. కాబట్టి సిమెంటూ ఇనుమూ మనకు శత్రువులు కావు. ఎక్కడ ఏది పనికొస్తుందో తెలుసుకోవడమే అసలు సంగతి.

శ్లాబు కింద ఏం జరుగుతోంది

ఇప్పుడు మన డబ్బుతో లేస్తున్న ఇళ్ల సంగతి. మామూలుగా ఏం జరుగుతుంది? నాలుగు పక్కలా హద్దుల దాకా కట్టేస్తాం. అరుగు పోతుంది, వసారా పోతుంది. పడమర వైపున్న వేపచెట్టు "పునాదికి అడ్డం" అని కొట్టేస్తాం. తొమ్మిది అంగుళాల గోడ, దాని మీద నల్లటి గ్రానైటు, పైన చదును శ్లాబు. సజ్జలు అందానికి తొమ్మిది అంగుళాలు. చూడడానికి బావుంటుంది, గృహప్రవేశం ఫోటోలు బ్రహ్మాండంగా వస్తాయి.

మే నెలలో ఆ శ్లాబు పొద్దున్నుంచి ఎండ తాగుతుంది. సాయంత్రం అయ్యేసరికి లోపలి వైపు కూడా కాగిపోతుంది. పెద్దవాళ్లు పడుకునే వేళకు ఆ వేడినంతా మంచం మీదికి వదులుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడి గాలే తిరుగుతుంది. ఏసీ పెట్టించాం కదా అంటాం. కరెంటు బిల్లుకు భయపడి అమ్మ దాన్ని వెయ్యదు, నాన్నకు మోకాళ్ల నొప్పులని ఆయన వేయనివ్వరు. ఇద్దరూ వేసుకుందామనుకున్న రాత్రే కరెంటు పోతుంది.

ఇది సౌకర్యం గురించి మాత్రమే కాదు. 2015 మే నెల వడగాలుల్లో మన రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. పగటి వేడికి అలసిన ఒళ్లు కోలుకునేది రాత్రి చల్లదనంలోనే. రాత్రి కూడా ఇల్లు చల్లబడకపోతే ముసలి గుండెకు విశ్రాంతి ఉండదు. అందుకే మనం కట్టించే ఇంటి పైకప్పు మన పెద్దవాళ్ల ఆరోగ్యానికి సంబంధించిన విషయం. బీపీ మాత్రలు పంపినంత శ్రద్ధగానే దీన్నీ చూడాలి.

నడిమి దారి చూపినవాళ్లు

పాత ఆలోచనను కొత్త వస్తువుతో కలిపినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. వాళ్లలో మొదట చెప్పుకోవలసినవారు లారీ బేకర్. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఆర్కిటెక్టు. మన దేశానికి వచ్చి, చివరికి తిరువనంతపురంలో స్థిరపడి, 2007లో అక్కడే కన్నుమూశారు. గాంధీగారు తనతో అన్న మాట ఒకటి ఆయన జీవితాంతం గుర్తుంచుకున్నారు. ఇల్లు కట్టే వస్తువులు ఆ చుట్టుపక్కల ఐదు మైళ్లలోపు దొరికేవై ఉండాలన్నది దాని సారం.

బేకర్ ఇటుకను వదిలిపెట్టలేదు. ఇటుకను పక్కకు నిలబెట్టి, మధ్యలో ఖాళీ వచ్చేలా పేర్చే పద్ధతిని ఊరూరా వాడకంలోకి తెచ్చారు. దాన్ని ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు. ఇటుకలు సుమారు నాలుగో వంతు ఆదా, గోడ మధ్యలోని ఖాళీలో గాలి నిలిచి వేడిని ఆపుతుంది. శ్లాబు విషయంలోనూ అంతే. శ్లాబు అడుగుభాగంలో కాంక్రీటు పెద్దగా బరువు మోయదు, అక్కడ పని చేసేది ఇనుము. అందుకని ఊచల మధ్య మట్టి పెంకులు పెట్టి ఆ పైన కాంక్రీటు పోస్తారు. దీన్ని ఫిల్లర్ శ్లాబు అంటారు. సిమెంటు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, రెండు పెంకులు బోర్లించి పెడితే వాటి మధ్య గాలి వేడిని ఆపుతుంది. తాటాకు పొరల్లో ఉన్న గాలే ఇప్పుడు శ్లాబులోకి వచ్చింది.

బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో ఆస్ట్రా అనే విభాగం మొదలైంది. పల్లెలకు పనికొచ్చే సాంకేతికత దాని లక్ష్యం. మట్టిలో కాస్త సిమెంటు కలిపి, చేతి యంత్రంతో గట్టిగా నొక్కి ఇటుకలు చేసే పద్ధతి మీద అక్కడ ఎంతో పని జరిగింది. పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో కూడా అలాంటి ఇటుకలతో ఎన్నో భవనాలు కట్టారు. వాటిని బట్టీలో కాల్చనక్కర్లేదు, కొన్నాళ్లు తడిపి ఉంచి క్యూరింగ్ చేస్తే చాలు.

ఇవేవీ వద్దనుకున్నా, చాలా తేలికైన పని ఇంకొకటి ఉంది. శ్లాబు పైన తెల్లగా చేయడం. తెలుపు ఎండను తిప్పి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఐదేళ్ల కూల్ రూఫ్ విధానమే తీసుకొచ్చింది. సున్నం కొట్టినా, తెల్లటి కూల్ పెయింటు వేసినా, విరిగిన తెల్ల టైల్సు ముక్కలు పరిచినా పని చేస్తుంది. ఇప్పటికే ఇల్లు కట్టేసినవాళ్లు కూడా వచ్చే వేసవి లోపు ఇది చేయించవచ్చు.

మేస్త్రీని అడగవలసిన ప్రశ్నలు

ఇప్పుడు రాసుకునేవాళ్లు రాసుకోండి. శంకుస్థాపనకు ముందు ఫోన్లో ఈ ఆరు ప్రశ్నలు అడగండి.

ఒకటి, పైకప్పు మీద ఏం వేస్తున్నారు? "శ్లాబు అండీ" అంటే ఆగకండి. దాని మీద తెలుపు ఉందా, నీడ ఉందా, ఫిల్లర్ శ్లాబు వేయగల మేస్త్రీ దగ్గర్లో ఉన్నాడా అడగండి.

రెండు, పడమటి గోడకు నీడ ఏది? వసారా కుదిరితే మేలు. లేకపోతే రెండడుగుల సజ్జ, ఒక చెట్టు. ఉన్న చెట్టును కొట్టేయకుండా ప్లాను మార్చమనండి. వేపచెట్టు ఎదగడానికి పదేళ్లు, ప్లాను మార్చడానికి ఒక సాయంత్రం.

మూడు, గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుంది? ప్రతి గదికీ ఎదురెదురుగా రెండు దారులుండాలి. కప్పు దగ్గర వెంటిలేటర్లు ఉండాలి. ఏసీ ఉంది కదా అని వాటిని మూసేయించకండి.

నాలుగు, నీళ్లు ఎంత ఎత్తు దాకా వచ్చాయి? ఇది మేస్త్రీని కాదు, ఆ వీధిలో అందరికంటే పెద్దవారిని అడగాలి. పునాది ఎత్తు ఆ జవాబును బట్టి. ఏటేటా రోడ్డు ఎత్తు పెరుగుతోందన్నది కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ఐదు, కింద మట్టి ఏ రకం? నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. దాని మీద మామూలు పునాది వేస్తే గోడలు చీలుతాయి. ఇక్కడ మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఫీజు ఇచ్చి అడగండి. తీరంలో ఉన్నవాళ్లు రేకులు, పెంకులు గోడకు ఎలా బిగిస్తున్నారో కూడా అడగండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎగిరి వచ్చిన రేకులు ఎంత ప్రమాదమో విశాఖ వాళ్లకు తెలుసు.

ఆరు, అమ్మానాన్నలు ఏ గదిలో పడుకుంటారు? మేడ మీద గది మన సెలవుల కోసం కట్టి పదకొండు నెలలు తాళం వేస్తాం. పర్వాలేదు, దాని వల్ల కింది గదికి నీడ దొరుకుతుంది. కాబట్టి వాళ్ల గది కింద, ఉత్తరమో తూర్పో వైపు, బాత్రూము పక్కనే ఉండేలా చూడండి. ముఖ్యంగా వాళ్లను అడగండి. "మీ ఇష్టం రా నాయనా" అనే అంటారు. రెండోసారి, మూడోసారి అడగండి.

ఒకవేళ పాత ఇల్లు ఇంకా గట్టిగా ఉంటే తీసేయడానికి తొందరపడకండి. కొత్త గదులు పక్కన వేసి, పాత మండువానో మిద్దెనో వేసవి గదిగా ఉంచుకోవచ్చు. మట్టిగోడ మీద మాత్రం సిమెంటు పూత పూయించకండి. సిమెంటు లోపలి తడిని బయటికి పోనివ్వదు, గోడ లోలోపల మెత్తబడుతుంది. మట్టిగోడకు మట్టి పూతో సున్నపు పూతో సరైనది. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలు, చౌడు వేయడం తెలిసిన పెద్దలు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. ఈసారి వెళ్లినప్పుడు వాళ్లతో కూర్చుని, ఫోన్లో రికార్డు చేసుకుని రండి. అది పోతే మళ్లీ ఏ సెర్చిలోనూ దొరకదు.

గుడి కట్టినవాళ్ల మాట

గుడిలో మాట్లాడుతున్నాను కాబట్టి రెండు సంగతులు చెప్పి ముగిస్తాను.

వాస్తు అనగానే మనం దిక్కులు, గుమ్మాల దగ్గరే ఆగిపోతాం. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో స్థలాన్ని ఎంచుకునే పరీక్ష ఒకటి ఉంది. మూరెడు గొయ్యి తీసి, తీసిన మట్టితోనే మళ్లీ పూడ్చమన్నాడు. మట్టి మిగిలితే మంచి స్థలం, సరిపోతే మధ్యమం, తక్కువైతే మంచిది కాదు. గొయ్యి నిండా నీళ్లు పోసి, వంద అడుగులు నడిచి తిరిగొచ్చి, నీళ్లు తగ్గాయేమో చూడమన్నాడు. నేల ఎంత గట్టిదో, నీటిని ఎంత పీలుస్తుందో తెలుసుకునే పద్ధతి ఇది. అంటే శాస్త్రం కూడా ముందు మట్టిని చూడమంది.

రెండోది రామప్ప గుడి. ములుగు జిల్లా పాలంపేటలో రేచర్ల రుద్రుడు కట్టించాడు. 1213 నాటి శాసనం ఉంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ నేల మెత్తనిదని పునాది గోతిని ఇసుకతో నింపి, దాని మీద గుడి నిలబెట్టారు. శిఖరం బరువు కింది రాతి మీద పడకూడదని నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు చేశారు. దేవుడికి కట్టేటప్పుడు కూడా "నేల ఎలాంటిది, బరువు ఎంత, దగ్గర్లో ఏం దొరుకుతుంది" అని అడిగే కట్టారు.

మనం కట్టేది అంత పెద్దదేం కాదు. రెండు గదులు, ఒక వసారా, ఇద్దరు ముసలివాళ్లు. అయినా అడగవలసిన ప్రశ్నలు అవే. మనం దూరంగా ఉన్నాం, రోజూ వాళ్ల పక్కన కూర్చుని విసరలేం. కనీసం వాళ్ల నెత్తి మీద కప్పు రాత్రిపూట వేడి కక్కకుండా చూడగలం.

ఇల్లు కట్టే ఆలోచనలో ఉన్నవాళ్లు ప్రసాదం దగ్గర నన్ను పట్టుకోండి. మన సభ్యుల్లో ఉన్న సివిల్ ఇంజనీర్లను కూడా మాట్లాడడానికి ఒప్పించాను. ప్లాను కాగితం తెచ్చుకుంటే కలిసి కూర్చుని ముందు పడమటి గోడ ఎటుందో చూద్దాం.

సర్వేజనాః సుఖినోభవంతు.